తోమాసా నగరం చూసిన రోజు

చించెరో ఊళ్ళో తోమాసా ముఖం తెలియనివాళ్ళు లేరు. ఆమె గొంతు విన్నవాళ్ళని మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

కుస్కో నగరం నుంచి పొద్దున్నే బయల్దేరే యాత్రికుల వ్యాన్లు కొండెక్కి ముందుగా ఆగేది ఆ ఊళ్ళోనే. దిగినవాళ్ళు పాతచర్చి చూస్తారు, దాని కింద ఇన్కా రాజుల నాటి రాతిగోడలు చూస్తారు, ఆ తర్వాత చలికి చేతులు రుద్దుకుంటూ ఏదో ఒక ముంగిట్లోకి వస్తారు. అక్కడ ఆడవాళ్ళు ఉన్ని కడిగి, రంగు వేసి, నేసి చూపిస్తారు. ఆఖర్న శాలువాలు, సంచులు పరుస్తారు. పదిహేడేళ్ళపాటు అలాంటి ముంగిలి ఒకటి తోమాసాది, ఆమె చెల్లెలు బెనీతాది. మరో నలుగురు ఆడవాళ్ళు పనిచేసేవాళ్ళు గానీ, ఆ ముంగిలికి నోరు బెనీతా, చెయ్యి తోమాసా.

బెనీతా లావుపాటి మనిషి. ఎడమ పాదం పుట్టుకతోనే లోపలికి వంకర. కుంటుకుంటూ మధ్యలోకొచ్చి నిలబడితే ఇక అక్కడ చలి ఉండేది కాదు. ఏదో వేరు తురిమి నీళ్ళలో వేసి నురగ తెప్పించి, "ఇది మా తాతల నాటి షాంపూ, అందుకే మా ఊళ్ళో బట్టతల అనేదే లేదు" అనేది. వెనకాల నిలబడ్డ వ్యాను డ్రైవరు సరిగ్గా అప్పుడే టోపీ తీసి తన నున్నటి గుండు చూపించేవాడు. నాగజెముడు ఆకుల మీద పెరిగే తెల్లపురుగుని అరచేతిలో నలిపి, ఆ ఎర్రరంగు పెదాలకి పూసుకుని, వెయ్యి ముద్దులకైనా చెదరదనీ, తను లెక్కపెట్టి మరీ చూసుకున్నాననీ చెప్పేది. ఇదంతా వచ్చినవాళ్ళ నోళ్ళలోంచే ఏరుకున్న ఇంగ్లీషులో. తోమాసా మగ్గం తాళ్ళు ఒక చివర గుంజకి, రెండో చివర నడుముకి కట్టుకుని నేలమీద కూర్చుని నేస్తూ ఉండేది. ఆమెకి తెలిసింది ఇంటిభాష కెచువా, బజారుకి సరిపడా స్పానిష్. అంతే.

అలా ఎందుకయిందంటే, బెనీతా బడికి వెళ్ళింది గనక తోమాసా వెళ్ళలేదు. తల్లి పోయేటప్పటికి తోమాసాకి పదమూడు, చెల్లెలికి ఐదు. తండ్రికి ఆలుగడ్డల పొలం ఒకటి, సారా సీసా ఒకటి, ఈ రెండూ తప్ప మూడోది కనపడేది కాదు. బడి కొండ దిగువన ఉండేది. వంకరకాలితో ఆ రాళ్ళదారి దిగలేదని, తోమాసా చెల్లెల్ని దుప్పట్లో వేసి వీపుకి కట్టుకుని తీసుకెళ్ళేది. ఇంటికి పోయి మళ్ళీ రావడం దండగ గనక బడిగోడకి ఆనుకుని కూర్చుని, పిల్లలంతా బయటికొచ్చేదాకా కదురు తిప్పుతూ ఉండేది. వాన పడితే ఆ దుప్పటే కప్పుకునేది. బెనీతా పదకొండేళ్ళదయ్యేదాకా, ఒళ్ళు చేసి బరువెక్కేదాకా, అలాగే మోసింది. లోపల పిల్లలు ఎక్కాలు అప్పజెప్పడం గోడ ఇవతలనుంచి విని విని ఆమెకీ కొన్ని వచ్చాయి గానీ, అక్షరం ఎలా ఉంటుందో మాత్రం తెలియలేదు.

మారాస్ ఊరివాడొకడు, ఉప్పుమడుల్లో పనిచేసేవాడు, ఆమెని చేసుకుంటానని రెండుసార్లు ఇంటికొచ్చాడు. రెండోసారి వచ్చినప్పుడు చెల్లెలు కూడా వెంట వస్తుందా అని అడిగాడు. వస్తుందంది తోమాసా. మూడోసారి అతను రాలేదు. ఆ సంగతి ఆమె ఎన్నడూ ఎత్తలేదు. చెల్లెలికి మాత్రం పెళ్ళయింది, రోక్సానా అనే కూతురు పుట్టింది, మొగుడు బంగారం తవ్వడానికని అడవికి పోయి అక్కడే ఇంకొక సంసారం పెట్టుకున్నాడు. అక్కాచెల్లెళ్ళు మళ్ళీ ఒకే కుంపటికి చేరారు. రోక్సానాని పెంచింది కూడా తోమాసానే.

గొడవ మొదలయింది నవ్వుల దగ్గర. ఇంగ్లీషు బాగా పట్టుబడ్డాక బెనీతా తన మాటలకి ఆఖర్న కొత్తగా ఒక ముక్క చేర్చింది. తోమాసా వైపు చెయ్యి చూపించి ఏదో చెప్పేది. తర్వాత నడుం వంచి, వీపుమీద పెద్ద బరువున్నట్టు చేతులు వెనక్కి పెట్టి, రొప్పుతూ నాలుగడుగులు వేసేది. చూసేవాళ్ళు ఘొల్లున నవ్వేవాళ్ళు. నవ్వి, అందరూ ఒక్కసారిగా తోమాసా వైపు చూసేవాళ్ళు. ఆమె తల ఇంకాస్త మగ్గంలోకి వంచుకునేది. ఒకసారి అదేమిటని అడిగితే బెనీతా, "ఏముందే అక్కా, నీ గొప్పలే చెప్తున్నా" అని కన్నుగీటి పోయింది. బెనీతా ఏది చెప్పినా కన్నుగీటే చెప్పేది.

రోడ్డుకి అవతలి ముంగిలి హుస్తీనాది. ఆమెకీ నాలుగు ఇంగ్లీషు ముక్కలొచ్చు. ఒక రోజు కుళాయి దగ్గర తోమాసా బిందె నిండేదాకా ఆగి, మెల్లిగా మాట కదిపింది. చెప్పకూడదు గానీ నీ చెల్లెలు నిన్ను మూగదని చెప్తోంది, బరువులు మోసే జంతువంటోంది, గోడమీంచి నా చెవులారా విన్నాను అంది. నిజానికి హుస్తీనా విన్నవి రెండే మాటలు, 'మాట్లాడదు' అని, 'మోస్తుంది' అని. మధ్యలో ఖాళీ ఆమె పూరించింది. తోమాసా ముంగిట్లో ఉన్న పనితనం తన ముంగిట్లో లేదనే బాధ కూడా అందులో ఉంది.

ఆ సాయంత్రం వ్యాన్లు వెళ్ళిపోయాక తోమాసా మగ్గం విప్పకుండానే అడిగింది.

"నలుగుర్లో నన్ను గాడిదని చేసి ఆడిస్తున్నావా, బెనీ?"

బెనీతా ముందు అర్థంకానట్టు చూసింది, తర్వాత ఫక్కున నవ్వింది. ఆ నవ్వే కొంప ముంచింది.

"గాడిదేంటే నీ మొహం! ఎవరు చెప్పార్నీకు? నేననేది ఏంటంటే..."

"చాల్లే. మోసినదాన్ని గాడిదనే అంటారులే."

తోమాసా నలభై ఎనిమిదేళ్ళ బతుకులో చెల్లెలితో అన్న అతి పరుషమైన మాట అదే. మర్నాడు పొద్దున్నే మగ్గం చుట్టుకుని, రంగుల కుండలు రెండు పట్టుకుని రోడ్డు దాటి హుస్తీనా ముంగిట్లో కూర్చుంది, రాత్రిళ్ళు పడుకోవడం కూడా అక్కడే. రోక్సానా రెండుసార్లు రాయబారం వచ్చింది. మీ అమ్మ మాటలు నాకు మొయ్యకు అని వెనక్కి పంపేసింది. అటు బెనీతాకీ రోషం వచ్చింది. "ఇన్నేళ్ళు ఒకే కంచంలో తిని, నేనలాంటి మాట అంటాననుకుందా? తనే వచ్చి అడగనీ, చెప్తా" అంది కూతురితో.

పదకొండు నెలలు అలాగే గడిచాయి. మధ్యలో ఉన్నది వ్యాను పట్టేంత రోడ్డు. బట్టతలకి నవ్వు, ముద్దులకి నవ్వు తోమాసాకి ఇవతలికి వినపడేవి. ఆఖరి నవ్వు మాత్రం వినపడేది కాదు. నేను లేనుగా, ఇంక ఎవర్ని చూసి నవ్వుతారు అనుకునేది. ఆదివారం చర్చిలో ఒకరు ఈ చివర బల్లమీద, ఒకరు ఆ చివర. పొలం దారిలో ఎదురుపడితే తోమాసా వంగి చెప్పు తాడు సరిచేసుకునేది, కుంటి అడుగుల చప్పుడు దాటిపోయేదాకా.

ఆగస్టులో, నేలంతా తెల్లగా మంచు పేరుకునే రోజుల్లో, బెనీతాకి కడుపులో నొప్పి పట్టుకుంది. నాలుగు రోజులు కొండ పుదీనా కషాయంతో నెట్టుకొచ్చింది. ఐదో రోజు ఒళ్ళు పసుపుపచ్చగా తిరిగింది. రోక్సానా ఆమెని కుస్కోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. పిత్తాశయం లోపలే పగిలిపోయిందనీ, వెంటనే కోశారనీ ఊళ్ళోకి కబురొచ్చింది. చీకటిపడేవేళ తోమాసా రోడ్డు దాటి వెళ్ళి చెల్లెలి కోళ్ళకి గింజలు వేసింది. తెల్లారి తన కోడిని కోసి, ఎండబెట్టిన ఆలుగడ్డ ముక్కలు వేసి సూపు కాచి, మూత జారకుండా గిన్నెని గుడ్డలో మూటగట్టి వ్యానెక్కింది.

ఆసుపత్రి గేటు దగ్గర, మందుల కోసం బయటికొచ్చిన రోక్సానా కనిపించింది. పిల్ల రెండు రోజులకే సగమైపోయింది.

"లోపలికి రా పెద్దమ్మా. ఒక్క చీటీయే ఇస్తారు. నా చీటీ తీసుకో, నేనిక్కడుంటా."

"నేను రాను. ఇది తాగించు. నేనొచ్చానని చెప్పకు."

"ఎవరు తెచ్చారని అడుగుద్ది కదా?"

"హుస్తీనా పంపిందను."

"హుస్తీనా సూపంటే అమ్మ తాగుతుందా?" అంది రోక్సానా. ఇంకో రోజయితే ఇద్దరూ నవ్వేవాళ్ళు.

గిన్నె తీసుకుని పిల్ల లోపలికి పోయింది. మధ్యాహ్నం చూడ్డానికి వదిలే సమయం నాలుగింటికి ముగుస్తుంది, అప్పుడు గిన్నె తెచ్చిస్తానంది. తోమాసాకి అప్పటిదాకా ఏం చెయ్యాలో తోచలేదు. గేటు ముందే నిలబడితే కాళ్ళు లోపలికి లాక్కుపోయేలా ఉన్నాయి. అందుకని నడవడం మొదలుపెట్టింది.

కుస్కోకి ఆమె వందలసార్లు వచ్చింది. కానీ వ్యానాగేచోటు, దాని పక్కన బజారు, ఉన్నికి రంగు పట్టించే పటిక అమ్మే కొట్టు, ఇంతే ఆమెకి తెలిసిన కుస్కో. ఎక్కడెక్కడినుంచో సముద్రాలు దాటి చూడ్డానికొచ్చే నగరం ఇదేనని తెలుసు, తను కూడా చూడొచ్చని ఎప్పుడూ అనిపించలేదు. ఆ రోజు కాళ్ళు ఎటు పోతే అటు పోయింది. పెద్ద చౌకులో చర్చి ముందు మెట్లమీద కాసేపు కూర్చుంది. ఎవరో ఇద్దరు వచ్చి ఫొటో తీసుకున్నారు, అలవాటు కొద్దీ తలెత్తింది. ఒక గుంపు వెనకాల నడిచి ఇన్కా రాజులు కట్టిన బంగారుగుడి గోడదాకా వెళ్ళింది. రాతిమీద రాయి, మధ్యలో దారం కూడా దూరదు. నేతలో పోగుల్ని చూసినట్టు చూసిందామె ఆ గోడని, ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని. దొరకలేదు. ఎవరో ఓపికగలవాళ్ళు చేశారనుకుంది. బెనీ పక్కనుంటే ఈ గోడమీద ఏం జోకు వేసేదో అని అనుకోబోయి ఆపేసింది.

యాత్రికులంతా వెతుక్కుంటూ వచ్చే పన్నెండు మూలల రాయి గోడలో ఉన్న సందులో జనం కిక్కిరిసి ఉన్నారు. ముందు నిలబడి చెయ్యెత్తి చెప్తున్నవాడు ఆబేల్. పదిహేడేళ్ళుగా తమ ముంగిటికి వ్యాన్లు తెచ్చే గైడు. తప్పుకుని పోదామనుకుంది గానీ అతను చూసేశాడు.

"తోమాసమ్మా! నువ్వేంటిక్కడ?"

జనంలోంచి ఆమెని చెయ్యిపట్టుకుని ముందుకి తెచ్చాడు. తన వాళ్ళకి ఆమెని చూపిస్తూ ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. చెప్తూ చెప్తూ నడుం వంచి, చేతులు వీపు వెనక్కి పెట్టి నాలుగడుగులు వేశాడు. జనం నవ్వారు. తోమాసా ఒక్కడుగు వెనక్కి వేసింది.

"నువ్వు కూడానా, ఆబేల్? నీకు నేనేం చేశాను?"

ఆబేల్ చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. "నేను కూడా ఏంటమ్మా? బెనీతా నీ గురించి చెప్పేదే చెప్పా."

"అదే. గాడిదనేగా?"

ఆబేల్ కాసేపు ఆమె ముఖంలోకి చూశాడు. గుంపుని గోడ చూసుకోమని చెప్పి ఆమెని పక్కకి తీసుకెళ్ళాడు, ఒక గడప మీద కూర్చోబెట్టాడు.

"ఇన్నేళ్ళూ నీకు ఎవరూ చెప్పలేదా? బెనీతా ఏమనేదంటే, ఇందాకటినుంచీ మీరు చూసినవన్నీ మా అక్క చేతులు చేసినవే, నాకు మాట్లాడ్డం తప్ప ఇంకేం రాదు అనేది. మా అక్క మాట్లాడదు, ఎందుకంటే తన వంతు మాటలు కూడా నేనే వాడేశాను అనేది. నా కాలు ఇలాంటిదైతే ఆరేళ్ళు వీపున కట్టుకుని బడికి మోసింది, తను మాత్రం బడి బయటే కూర్చుంది, ఈ ఇంగ్లీషు నిజానికి ఆవిడది అనేది. అది చెప్పేటప్పుడే అలా వంగి నువ్వు మోసినట్టు నడిచి చూపించేది."

"మరి జనం నవ్వేదెందుకు?"

"ఆఖర్న పొట్ట తట్టుకునేది కదమ్మా. అప్పుడే బరువుండేదాన్ని, ఇప్పుడు చూడండి, అయినా ఇంకా మోస్తానే ఉంది అనేది. అక్కడ నవ్వుతారు. నీ మీద కాదు, ఆమె మీద. ఒకసారి ఒక ముసలాయన ఏడ్చాడు కూడా, నువ్వు చూళ్ళేదు, తల వంచుకునుంటావు కదా. నువ్వెళ్ళాక ఆ ముక్క మానేసింది. గబగబా శాలువాలు పరిచేస్తోంది."

తోమాసా లేచింది. బెనీతా ఆసుపత్రిలో ఉన్న సంగతి ఆబేల్‌కి తెలియదు. ఆమె ఆ మాట చెప్పి, ఆసుపత్రి ఎటని అడిగింది. అతను చెయ్యి చూపించాడు, రెండు సందులు దాటి ఎడమకి అన్నాడు. గుంపుని వదిలి తను రాలేకపోయాడు.

కుస్కో సందులన్నీ ఒక్కలా ఉంటాయి, రెండు పక్కలా అవే రాతిగోడలు. గడప దిగి పరిగెత్తినట్టు నడిచిన మనిషికి ఎడమ ఎటో కుడి ఎటో తెలియలేదు. ఎక్కాల్సినచోట దిగింది, దిగాల్సినచోట ఎక్కింది. ఆసుపత్రి గేటు చేరేసరికి నాలుగు దాటి ఇరవై నిమిషాలయింది. గేటు వేసేశారు. రోక్సానా వదిలిపెట్టిపోయిన గిన్నె చేతికిచ్చి, కాపలా అతను మర్యాదగానే చెప్పాడు, రేపు రెండింటికి రమ్మని. లోపలున్నది తన చెల్లెలని చెప్పింది. అందరూ ఎవరో ఒకరి చెల్లెళ్ళేనమ్మా అన్నాడతను.

ఆ సాయంత్రమే బెనీతాకి జ్వరం తిరగబెట్టింది. మళ్ళీ కోశారు. మర్నాడు రెండింటికి తోమాసా చీటీ పట్టుకుని లోపలికి వెళ్ళేసరికి ఆమెని వేరే గదికి మార్చారు. నోట్లో గొట్టం, కళ్ళు మూతలు. ఎప్పుడూ ఆగని ఆ నోటిని అలా చూడలేక తోమాసా కాళ్ళ వైపు వెళ్ళింది. దుప్పటి కింద వంకర పాదాన్ని పట్టుకుంది. చల్లగా ఉంది. తెల్లవార్లూ కూడబెట్టుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. నర్సు ఐదు నిమిషాలే అని గుర్తుచేసింది.

"నీ కోళ్ళకి మేత వేసే వచ్చాను, బెనీ. దిగులుపడకు" అంది తోమాసా.

అంతే అనగలిగింది. బెనీతా మర్నాడు పొద్దున్న పోయింది.

చనిపోయినవాళ్ళ బట్టలు ఐదో రోజున వాగులో ఉతకడం అక్కడి ఆనవాయితీ. తోమాసా, రోక్సానా వాగు దగ్గర రాళ్ళమీద కూర్చుని బెనీతా లంగాలు ఒక్కొక్కటే నీళ్ళలో ముంచారు. నీళ్ళు వేళ్ళు కొరికేస్తున్నాయి. తోమాసా అడిగింది, ఆ రోజు సూపు కాస్తయినా తాగిందా అని.

"లేదు పెద్దమ్మా. గుక్కెడు నీళ్ళు కూడా తాగనివ్వలేదు డాక్టర్లు. నేనే తాగాను. ఆకలేసింది." పిల్ల ఇంకో లంగా నీళ్ళలో ముంచింది. "ఇంకోటి. చెప్పొద్దన్నావు గానీ, నువ్వొచ్చావని చెప్పేశాను. ఊరుకోలేకపోయా."

తోమాసా చేతిలో లంగా పిండడం ఆపింది. "ఏమంది?"

"ఏమీ అన్లేదు. దువ్వెన అడిగింది. జడలు వేయించుకుంది. సాయంత్రం దాకా తలుపు వైపే చూస్తా ఉంది."

ప్రవాహానికి లంగా తోమాసా చేతిలోంచి జారి కిందకి పోతుంటే రోక్సానా నీళ్ళలోకి దిగి పట్టుకొచ్చింది. బడిగోడ దగ్గర వానలో కూర్చున్న పిల్ల ఏడవలేదు, మారాస్‌వాడు రానప్పుడు ఏడవలేదు, ఆసుపత్రిలోనూ ఏడవలేదు. ఆ రాళ్ళమీద మాత్రం రెండు చేతులూ నీళ్ళలోనే ఉంచి, బిగ్గరగా, ఊరంతా వినేలా ఏడ్చింది. అవతలి గట్టున గొర్రెలు కాసుకునే ముసలావిడ వచ్చి పక్కన కూర్చుంది.

ఆ తర్వాత తోమాసా రోడ్డు దాటి తన ముంగిటికి వచ్చేసింది. హుస్తీనా ఒకరోజు గుడ్లు పట్టుకుని వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, తను సరిగా వినలేదేమో అంటూ నసిగింది. తోమాసా గుడ్లు తీసుకుంది, కూర్చోమంది. పోట్లాడ్డానికి ఆమెలో ఏమీ మిగల్లేదు.

ఇప్పుడు మాట్లాడేది రోక్సానా. తల్లిలా నవ్వించలేదు గానీ చక్కగా చెప్తుంది. డ్రైవరు టోపీ తీస్తాడు, జనం నవ్వుతారు. ఆఖరికొచ్చేసరికి ఆమె ఒక్క క్షణం పెద్దమ్మ వైపు చూసి, శాలువాలు పరుస్తుంది. ఒకసారి వ్యాను ఖాళీగా ఉన్న రోజున, బెనీతా చెప్పే ఆ నాలుగు మాటలూ ఇంగ్లీషులో అలాగే చెప్పమని తోమాసా ఆబేల్‌ని అడిగింది. అతను మెల్లిగా చెప్పాడు. కళ్ళు మూసుకుని వింది. ఇంకోసారి అంది. మళ్ళీ చెప్పాడు. అందులో ఏ చప్పుడు అక్క అనే మాటో ఆమెకి తెలియలేదు, అడగనూ లేదు.

వెళ్ళబోతూ ఆబేల్, ఒకరోజు తీరిగ్గా రమ్మనీ, కుస్కో అంతా దగ్గరుండి చూపిస్తాననీ అన్నాడు.

"చూశానుగా, నాయనా" అంది తోమాసా.

పటిక అయిపోయినప్పుడు ఇప్పటికీ నెలకోసారి కుస్కో వెళ్తుంది. బజారు పక్కన దిగి, కొనాల్సింది కొనుక్కుని, అదే వ్యాను తిరిగి బయల్దేరేలోపే ఎక్కి కూర్చుంటుంది.